హలో... నా మాట వినిపిస్తోందా?

ఊళ్లో ఇల్లు... అమెరికాలో ఆఫీసు. మధ్యలో ఓ వీడియో తెర. గోదావరి డెల్టాలో ఇప్పుడు ఎన్నో కుటుంబాలకు ఇది మామూలే. కానీ ఆ తెర మీద బొమ్మ బిగుసుకుపోతే, మాట మధ్యలో తెగిపోతే... పోయేది ఆ నిమిషం ఒక్కటే కాదు. మరి దీనికి మందేమిటి? చిత్రమేమిటంటే, ఆ జవాబు డెల్టా రైతుకు ఎప్పట్నుంచో తెలుసు!

వేసవి రాత్రి. గంట తొమ్మిదిన్నర. కోనసీమలో ఓ పల్లె. చుట్టూ కొబ్బరిచెట్లు. డాబా మీద గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది ఓ అమ్మాయి. కాలిఫోర్నియాలో అప్పుడు ఉదయం తొమ్మిది. తెర మీద ఎనిమిది ముఖాలు. ఇద్దరు అమెరికాలో, ఒకరు లండన్‌లో, ఒకరు పోలెండ్‌లో, మిగిలినవాళ్లు హైదరాబాద్, బెంగళూరుల్లో. మూడు వారాలు కష్టపడి చేసిన పని గురించి చెప్పే వంతు ఆమెకొచ్చింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. రెండు వాక్యాలు కాగానే అవతలి నుంచి 'నీ మాట తెగిపోతోంది...' అన్నారు. మళ్లీ చెప్పింది. మళ్లీ తెగింది. 'సరే, తర్వాత చూద్దాం. నెక్స్ట్?' అంటూ మేనేజర్ మరొకరి వైపు తిరిగారు.

కింద హాల్లో తమ్ముడు నెట్‌లో క్రికెట్ చూస్తున్నాడు. మేనత్త కూతురి పెళ్లిలో నాన్న తీసిన వీడియోలు ఆయన ఫోన్లోంచి ఒక్కొక్కటే 'క్లౌడ్'లోకి ఎక్కుతున్నాయి. 'బుజ్జీ, అన్నం చల్లారిపోతోందే' అని అమ్మ కేక. కోటలాంటి ఆ ఇంట్లో బుజ్జి మాట ఎక్కడ ఆగిపోయిందో ఎవరికీ తెలీదు.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. అమలాపురంలో, తణుకులో, భీమవరంలో, రాజమహేంద్రవరంలో... ఊరు మారుతుంది, కథ మారదు. నెట్ సరిగ్గా లేదని ఒకరు, ల్యాప్‌టాప్ పాతదని మరొకరు సరిపెట్టుకుంటారు. కానీ సమావేశంలో మాట వినపడని మనిషికి పనిలోనూ క్రమంగా చోటు తగ్గిపోతుంది. మంచి పని చేసినా చెప్పుకోలేకపోతే చేయనట్టే లెక్క. చివరికి 'హైదరాబాద్ వెళ్లిపోతే మేలేమో' అన్న ఆలోచన మొదలవుతుంది. అంటే... వీడియో కాల్ నాణ్యత మీదే ఒక బిడ్డ సొంతూళ్లో ఉండాలా, పెట్టె సర్దుకోవాలా అన్నది ఆధారపడుతోందన్నమాట!

కొబ్బరిచెట్ల మీదుగా...

దూరాన ఉన్న మనిషిని తెర మీదకు రప్పించే ప్రయత్నం డెల్టాకు కొత్తేం కాదు. అమెరికాలో ఉన్న కొడుకుని చూడ్డానికి నెట్ సెంటర్లో వెబ్‌క్యామ్ ముందు కూర్చున్న తల్లిదండ్రులు ఇక్కడ వేలల్లో ఉంటారు. 2003లో వచ్చిన స్కైప్ ఎన్నో ఇళ్లలో చుట్టమైపోయింది. 2025 మేలో దాన్ని మూసేసినప్పుడు చాలామంది తెలుగు ఇళ్లలో ఒక పాత స్నేహితుడు వెళ్లిపోయినట్టే అనిపించింది.

అయితే పల్లె నుంచి పల్లెకు రెండువైపులా మాట్లాడుకునే వీడియోని తేవాలన్న పెద్ద ప్రయత్నం ఒకటి పశ్చిమ గోదావరిలో రెండు దశాబ్దాల కిందటే జరిగింది. పేరు 'అశ్విని'. బైర్రాజు ఫౌండేషన్ చేపట్టిన పని అది. భీమవరం చుట్టుపక్కల పల్లెల్ని వైర్లు లేకుండా కలిపి, వైద్యుడి సలహా, పాఠాలు, వ్యవసాయ నిపుణుల సూచనలు తెర మీద అందించాలన్నది ఆలోచన.

అప్పట్లో పల్లెలకు ఫైబర్ లేదు. అందుకని ఇంట్లో వందడుగుల దూరం పనిచేసేందుకు పుట్టిన వైఫైనే ఊరూరికీ సాగదీశారు. ఎత్తైన టవర్లు కట్టి, ఒకే దిక్కుకు గురిపెట్టిన యాంటెన్నాలు బిగించారు. రెండు యాంటెన్నాల మధ్య ఏ అడ్డూ ఉండకూడదు. డెల్టాలో కొండలు లేవు. కానీ కొబ్బరిచెట్లున్నాయి! వాటి తలల మీదుగా చూపు సాగాలంటే టవరు ఇంకా పైకి లేవాలి. వైఫై పరికరం చవకే... దాన్ని నిలబెట్టే టవరే ఖరీదు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. వైఫైకి ఓ మర్యాద ఉంది. ఎవరైనా మాట్లాడుతున్నారేమో విని, అంతా నిశ్శబ్దంగా ఉంటేనే తాను మాట్లాడుతుంది. ఒక గదిలో ఇది బాగానే ఉంటుంది. పది కిలోమీటర్ల దూరంలో ఎవరు మాట్లాడుతున్నారో ఎలా వినపడుతుంది? దాంతో ఒకరి మీద ఒకరు పడిపోతారు. ఒకే టవరు మీద రెండు మూడు యాంటెన్నాలుంటే ఒకటి పంపేటప్పుడు పక్కది వినలేక తికమకపడుతుంది. కాన్పూర్ ఐఐటీలో పరిశోధన చేస్తున్న భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు దీనికో ఉపాయం కనిపెట్టి 2005లో ప్రకటించారు. అదేమిటంటే... ఒక టవరు మీది యాంటెన్నాలన్నీ ఒకేసారి పంపాలి. తర్వాత అన్నీ ఒకేసారి వినాలి. మళ్లీ పంపాలి, మళ్లీ వినాలి. పోటీ లేదు, తోపులాట లేదు. అంతా వంతుల ప్రకారం! గంగా మైదానంలోని తమ ప్రయోగాలతోపాటు 'అశ్విని' అనుభవాలను కూడా వాళ్లు 2007లో ప్రచురించారు.

అదే ఫౌండేషన్ 'గ్రామ్ ఐటీ' పేరుతో ఈతకోట, జల్లికాకినాడ లాంటి ఊళ్లలో బీపీఓ కేంద్రాలూ నడిపింది. ఊళ్లో ఉండి బయటి ప్రపంచానికి పనిచేయొచ్చని అక్కడి కుర్రాళ్లు చేసి చూపించారు. 2009 జనవరిలో సత్యం సంక్షోభంతో ఆ ఫౌండేషన్ జోరు తగ్గింది. కానీ దారి అయితే కనిపించింది.

మోరికి వచ్చిన ఫైబర్

తర్వాతి మలుపు సముద్రానికి దగ్గర్లో ఉన్న మోరి గ్రామంలో. సఖినేటిపల్లి మండలంలోని ఈ ఊరికి జీడిపప్పు పరిశ్రమతో పేరు. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో పనిచేసే సాల్మన్ డార్విన్ ఇక్కడివారే. ఆయన చొరవతో మోరి 'స్మార్ట్ విలేజ్' ప్రయోగానికి వేదికైంది. 2016 డిసెంబరు 29న మోరి, మోరిపోడు గ్రామాల్లో ఇంటింటికీ ఫైబర్ కనెక్షన్లను అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రారంభించారు. ఏపీ ఫైబర్‌నెట్ ఆనాడు ప్రకటించిన ధర నెలకు 149 రూపాయలు. వేగం 15 ఎంబీపీఎస్. కేబుల్‌ని భూమిలో పాతే బదులు కరెంటు స్తంభాల మీదుగా లాగారు కాబట్టే అంత త్వరగా, అంత చవగ్గా ఊళ్లకు చేరింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. నగరాల్లోని ఉద్యోగులు సొంతూళ్ల దారి పట్టారు. 2019 డిసెంబరులో రోజుకు కోటి మంది చొప్పున పాల్గొన్న జూమ్ సమావేశాల్లో 2020 ఏప్రిల్ నాటికి 30 కోట్ల హాజరు నమోదైంది. అదే ఏడాది నవంబరులో కేంద్రం బీపీఓ, ఐటీ సేవల నిబంధనల్ని సడలించి 'ఎక్కడి నుంచైనా పని'కి దారి సుగమం చేసింది. కరోనా తగ్గింది, చాలా ఆఫీసులు తలుపులు తెరిచాయి. కానీ ఊళ్లో రుచి మరిగినవాళ్లు, విదేశీ సంస్థలకు నేరుగా పనిచేస్తున్నవాళ్లు, చంటిపిల్లలున్న తల్లులు... కొందరు ఇక్కడే ఉండిపోయారు.

ఫైబర్ వచ్చింది, వేగం పెరిగింది. మరి మాట ఎందుకు తెగుతోంది?

కాలువలో నీళ్లున్నా...

ధవళేశ్వరంలో కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తిచేశాక గోదావరి నీళ్లు కాలువల్లోకి మళ్లాయి. అయినా ఇప్పటికీ శివారు భూముల రైతుకు బెంగ తప్పదు. దాళ్వాలో నీళ్లు తక్కువైనప్పుడు ఎగువనున్నవాళ్లు తూములు బార్లా తెరిచేస్తే చివరి చేనుకు చుక్క చేరదు. అందుకే 'వంతుల విధానం' పెడతారు. నీళ్లు ఎన్నున్నాయన్నది ఒక్కటే కాదు, ఎవరి వంతు ఎప్పుడన్నదీ ముఖ్యమే.

ఇంటర్నెట్‌లోనూ అచ్చం ఇంతే. మన గొంతుని కంప్యూటర్ సెకనులో 50వ వంతు చొప్పున చిన్న చిన్న పొట్లాలుగా కడుతుంది. సెకనుకు దాదాపు 50 పొట్లాలు. ఒక్కోటీ చాలా చిన్నది. జూమ్ చెప్పే లెక్క ప్రకారం ఒట్టి మాటకు 60 నుంచి 80 కేబీపీఎస్ చాలు. బృంద సమావేశంలో హైడెఫినిషన్ వీడియో పంపడానికి మాత్రం 2.6 ఎంబీపీఎస్ దాకా కావాలి. అంటే బొమ్మకు కావాల్సిన దాంట్లో మాటకు ముప్ఫయ్యో వంతు సరిపోతుంది!

కానీ నాన్న ఫోన్లోంచి పెళ్లి వీడియో ఎక్కుతుంటే? రౌటర్ దగ్గర పెద్ద పెద్ద మూటలు వరుస కడతాయి. ఆ వరుసలో మన మాట పొట్లం వెనకెక్కడో నిలబడుతుంది. అది బయటపడేసరికి అర సెకను, ఒక్కోసారి సెకను దాటిపోతుంది. ఆలస్యంగా వచ్చిన మాట పొట్లం పెళ్లయ్యాక అందిన శుభలేఖ లాంటిది... దాన్ని కంప్యూటర్ పారేస్తుంది. మాట తెగేది అక్కడే. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉన్న ఇంట్లోనూ ఇది జరుగుతుంది. రౌటర్లలో జ్ఞాపకశక్తి చవకై, మూటలన్నింటినీ వద్దనకుండా దాచుకోవడమే దీనికి కారణమని 2010 ప్రాంతంలో ఇంజినీర్లు గుర్తించారు. 'బఫర్‌బ్లోట్' అని పేరు పెట్టారు. 'ఉబ్బిన వరుస' అనుకోవచ్చు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ అనే నిపుణులు దీనికో విరుగుడు చెప్పారు. వరుసలో ఎన్ని మూటలున్నాయని కాదు, ఒక్కోటీ ఎంతసేపు నిలబడిందో చూసి, ఆలస్యం పెరుగుతుంటే వరుసని తగ్గించేసే పద్ధతి అది.

మీ ఇంట్లో ఈ జబ్బు ఉందో లేదో తెలుసుకోవడం తేలికే. ఇంట్లో ఎవరూ నెట్ వాడనప్పుడు ఒకసారి స్పీడ్ టెస్ట్ చేసి 'పింగ్' ఎంతో రాసుకోండి. ఫోన్లోంచి ఓ పెద్ద వీడియోని ఎక్కిస్తూ మరోసారి చేయండి. 20, 30 ఉన్నది ఒక్కసారిగా 300, 400 అయిందా? రోగం దొరికినట్టే. అప్పుడు ఎక్కువ డబ్బు పెట్టి పెద్ద ప్లాన్ తీసుకోవడం కన్నా రౌటర్ సెట్టింగుల్లో 'క్యూఓఎస్' లేదా 'స్మార్ట్ క్యూ' అనే సదుపాయం ఉందేమో చూసి, ఎక్కించే వేగాన్ని అసలు వేగంలో 85, 90 శాతం దగ్గర ఆపితే చాలు. ఆ సదుపాయం లేకపోతే ఫోటోల బ్యాకప్‌ను, ఇంటి దగ్గరా చెరువుగట్టు మీదా ఉన్న సీసీ కెమెరాల అప్‌లోడ్‌ను ఆ గంటసేపు ఆపుకోవాలి. ఎగువ తూములు కాసేపు దించడమే కదా!

ఇక వైఫై సంగతి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానికొకటి తగలని దారులు మూడే. పక్కింటి రౌటరూ, ఎదురింటి రౌటరూ అవే దారుల్లో తోసుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ. కానీ అది గోడల్ని అంత బాగా దాటలేదు. కింద హాల్లో బీరువా పక్కన రౌటర్ పెట్టి, పైగదిలో సిగ్నల్ రాలేదంటే లాభమేముంది? అన్నిటికన్నా మంచి మందు పాతదే. రౌటర్ నుంచి ల్యాప్‌టాప్ దాకా ఓ నెట్‌వర్క్ వైరు లాగడం. కొన్ని వందల రూపాయల ఖర్చుతో సగం సమస్యలు తీరిపోతాయి.

సముద్రం కింద దారి

ఇల్లు చక్కబెట్టుకున్నా ఒక ఆలస్యాన్ని మాత్రం ఎవరూ తగ్గించలేరు. అది దూరం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. గోదావరి తీరం నుంచి కాలిఫోర్నియాకు గీత గీసినట్టు వెళ్లినా దాదాపు 14 వేల కిలోమీటర్లు. అంటే మాట చేరడానికి కనీసం 70 మిల్లీసెకన్లు. కేబుళ్లు గీత గీసినట్టు ఉండవుగా! చెన్నైలోనో ముంబయిలోనో సముద్రంలో దిగి, ఎన్నో మలుపులు తిరిగి వెళ్తాయి. దాంతో వెళ్లి రావడానికి 200 మిల్లీసెకన్లు దాటడం మామూలు. దానికి తోడు మాటను పొట్లం కట్టే సమయం, అటువైపు విప్పే సమయం.

ఇంత చిన్న ఆలస్యం ఏం చేస్తుందిలే అనుకోవద్దు. 10 భాషల్లో సంభాషణలను పరిశీలించి 2009లో ప్రచురించిన ఓ అధ్యయనం ప్రకారం... ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి మనుషులు తీసుకునే సమయం సగటున సెకనులో ఐదో వంతే. దాదాపు 200 మిల్లీసెకన్లు. తెర మీద అంతకు మించి ఆలస్యమైతే అవతలివాళ్లు 'ఇతనికి జవాబు తెలియదేమో' అనుకుంటారు. లేదా ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. 'మీరు చెప్పండి', 'లేదు లేదు, మీరే' అంటూ మర్యాదలతోనే పుణ్యకాలం గడిచిపోతుంది. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లలోపైతే హాయిగా ఉంటుందనీ, 400 దాటితే పనికిరాదనీ అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం చెప్పేది అందుకే.

ఈ దూరాన్ని కొన్ని సంస్థలు తెలియక ఇంకా పెంచుతాయి. భద్రత కోసం ఉద్యోగి నెట్ మొత్తాన్నీ 'వీపీఎన్' ద్వారా అమెరికా ఆఫీసుకు తిప్పుతాయి. అప్పుడు రావులపాలెంలో ఒకరు, హైదరాబాద్‌లో ఒకరు మాట్లాడుకున్నా మాట అమెరికా వెళ్లి వెనక్కి వస్తుంది. వీడియో కాల్స్‌ని మాత్రం వీపీఎన్ బయట నేరుగా పోనివ్వమని టీమ్స్ తయారుచేసిన మైక్రోసాఫ్టే సూచిస్తోంది. ఇది ఉద్యోగి సొంతంగా మార్చుకునేది కాదు. కంపెనీ ఐటీ విభాగాన్ని అడిగి చేయించుకోవాల్సిన పని. అడిగితే తప్పేం లేదు.

సముద్రం కింది దారులు అప్పుడప్పుడూ తెగుతాయి కూడా. 2008 జనవరి చివర్లో ఈజిప్టు దగ్గర, 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు మనదేశంలోనూ నెట్ నత్తనడక నడిచింది. 2025 అక్టోబరులో విశాఖలో భారీ డేటా కేంద్రాన్ని ప్రకటించిన గూగుల్, అక్కడికి సముద్రపు కేబుళ్లను కూడా తెస్తామంది. అది పూర్తయితే డెల్టా పక్కనే మరో గుమ్మం తెరుచుకున్నట్టు.

ముఖం కాదు... గొంతు!

వీడియో అనగానే అందరూ కెమెరా గురించే ఆలోచిస్తారు. నిజానికి బొమ్మ కాస్త మసకబారినా మనుషులు సర్దుకుపోతారు. మాట తెగితే మాత్రం సహించలేరు. కాబట్టి ఖర్చు పెట్టాల్సింది ముందు మైకు మీదే.

డెల్టా ఇళ్లకు కొన్ని ప్రత్యేకతలున్నాయి. స్లాబు కప్పు, నునుపైన గచ్చు, ఖాళీ గోడలు... గొంతు వాటికి కొట్టుకుని గంగాళంలో మాట్లాడినట్టు మోగుతుంది. పైన ఫ్యాను. పక్కన మోటారు. పండగొస్తే గుడి మైకు. మనకు అలవాటైపోయి వినపడవు కానీ అవతలివాళ్లకు అవే ముందు వినిపిస్తాయి. పరుపూ, దుప్పట్లూ, బట్టల అలమరా ఉన్న పడగ్గది హాలు కన్నా ఎంతో నయం. కిటికీకి మందపాటి తెర, కింద ఓ బొంత పరిచినా ప్రతిధ్వని తగ్గుతుంది.

ల్యాప్‌టాప్ సొంత మైకు నోటికి రెండడుగుల దూరంలో ఉంటుంది. అందుకే అది గొంతుతోపాటు గదినంతా వింటుంది. నోటి దగ్గరకు వచ్చే మైకున్న వైరు హెడ్‌సెట్ మేలు. ఖరీదైన బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో ఓ తిరకాసుంది. పాటలు వింటున్నప్పుడు బ్రహ్మాండంగా ఉండే ధ్వని, మైకు ఆన్ చేయగానే చాలా వాటిలో పాత ఫోన్ స్థాయికి దిగిపోతుంది. విన్నంత బాగా వినిపించవన్నమాట!

ఇంత చేసినా దారిలో కొన్ని పొట్లాలు పోతాయి. వాటి కోసం సాఫ్ట్‌వేర్లూ తెలివిమీరాయి. ఇప్పుడు చాలా కాల్స్‌లో వాడుతున్న 'ఓపస్' అనే ధ్వని విధానం 2012లో ప్రమాణంగా ఖరారైంది. 6 కేబీపీఎస్ దగ్గర కూడా అది మాటను మోయగలదు. అవసరమైతే ప్రతి పొట్లంలో దాని ముందుదాని పల్చటి నకలు కూడా కట్టి పంపుతుంది. ఒకటి పోయినా తర్వాతిది ఆదుకుంటుంది. అయితే అది కూడా కొంతవరకే. వరుసగా పది పోతే ఏ మంత్రమూ పనిచేయదు.

వెలుతురు విషయంలో ఒకటే సూత్రం. కిటికీ వీపు వెనక ఉంటే ముఖం నల్లగా, కిటికీ ఎదురుగా ఉంటే ముఖం తెల్లగా. రాత్రి కాల్స్ ఎక్కువ కాబట్టి ల్యాప్‌టాప్ వెనక ఓ టేబుల్ లైటు చాలు. నెట్ మొరాయిస్తే మొదట కెమెరా ఆపేయండి. మాటకు దారి దొరుకుతుంది. కెమెరా ఎప్పుడూ ఆన్‌లో ఉండాలని పట్టుపట్టడమూ మంచిది కాదు. అందరి చూపులూ మన మీదే ఉన్నట్టుండటం, గంటలకొద్దీ మన ముఖాన్ని మనమే చూసుకోవడం, కదలకుండా కూర్చోవడం... ఇవన్నీ మనిషిని అలసటకు గురిచేస్తాయని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ బెయిలెన్సన్ 2021లో విశ్లేషించారు. మన బొమ్మ మనకు కనిపించకుండా దాచుకునే మీట దాదాపు అన్ని యాప్‌లలోనూ ఉంది.

గాలివాన వస్తే

డెల్టా అంటే తుపాన్లు కూడా. 2025 అక్టోబరు 28 రాత్రి 'మొంథా' నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో స్తంభం ఒరిగితే కరెంటుతోపాటు దాని మీదున్న కేబులూ పోతుంది. చవగ్గా తెచ్చిన దారికి ఉన్న బలహీనత అది. ఇంటికి ఇన్వర్టర్ ఉన్నవాళ్లు కూడా చాలామంది రౌటర్‌ను, గోడకున్న ఫైబర్ పెట్టెను దానికి కలపరు. ఫ్యాను తిరుగుతుంది, నెట్ పోతుంది! ఆ రెంటికీ సరిపోయే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. ఫైబర్ ఒక సంస్థదైతే, ఫోన్ హాట్‌స్పాట్ మరో సంస్థది ఉండటం మంచిది. రెండూ ఒకే కంపెనీవైతే ఒకేసారి పడుకునే ప్రమాదముంది. ఏదీ లేకపోతే మామూలు ఫోన్ నుంచి డయల్ చేసి సమావేశంలో చేరే నంబరు ఆహ్వానంలో ఉందేమో ముందే చూసుకోవాలి. తుపాను హెచ్చరిక రాగానే జట్టుకు ఓ సందేశం పెడితే... రేపు మాట వినపడకపోయినా కారణం తెలుస్తుంది.

తప్పు ఒక్కరిది కాదు

ఇన్ని జాగ్రత్తలూ డెల్టాలో కూర్చున్నవాళ్లే తీసుకోవాలా? అవసరం లేదు. జట్టంతా తీసుకోవాలి. అమెరికా ఆఫీసులో నలుగురు ఒక గదిలో కూర్చుని, బల్ల మధ్యలో ఒకే మైకు పెట్టుకుంటే వాళ్ల నవ్వులు మనకు గోలగా వినిపిస్తాయి. మన మాట వాళ్ల గుసగుసల్లో కలిసిపోతుంది. ఒక్కరు దూరంగా ఉన్నా సరే, ఎవరి హెడ్‌సెట్‌తో వాళ్లు చేరితే అందరూ సమానమవుతారు.

చర్చించే అంశాలు ముందే రాసి పంపితే సగం మాట కాగితం మీదే పూర్తవుతుంది. నెట్ బలహీనంగా ఉన్నవారికి ముందుగా మాట్లాడే అవకాశమివ్వాలి. చెయ్యెత్తే మీట వాడి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి. తెర కింద అక్షరాలు వచ్చే సదుపాయం పెట్టుకుంటే మన యాస వాళ్లకూ, వాళ్ల యాస మనకూ అందుతుంది. నిర్ణయాల్ని చివర్లో రాసి అందరికీ పంపితే మాట తెగినవారి పని కూడా లెక్కలోకొస్తుంది. ముఖ్యంగా వేళలు. కాలిఫోర్నియాలో ఉదయం తొమ్మిదంటే ఇక్కడ వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. ఎప్పుడూ ఒకే దేశం నిద్ర పాడుచేసుకోవడం న్యాయం కాదు. ఒక వారం మనం మేలుకుంటే, ఇంకో వారం వాళ్లు తెల్లారే లేవాలి. వంతులంటే అవే!

కాల్‌కు ముందు... పది నిమిషాలు

* ల్యాప్‌టాప్‌కు నెట్‌వర్క్ వైరు తగిలించండి. కుదరకపోతే రౌటర్‌కు దగ్గరగా 5 గిగాహెర్ట్జ్ వైఫైలో కూర్చోండి.
* స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ ఒక్కటే కాదు... అప్‌లోడ్, పింగ్, జిట్టర్ కూడా చూడండి. పొట్లాలు ఎంత క్రమం తప్పి వస్తున్నాయో చెప్పేది జిట్టరే.
* ఫోటోల బ్యాకప్, సీసీ కెమెరాల అప్‌లోడ్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆపండి. ఇంట్లోవాళ్లకు కాల్ వేళ చెప్పండి.
* వైరు హెడ్‌సెట్ పెట్టుకుని, యాప్‌లో మైకు పరీక్ష చేసుకోండి. మీ గొంతును రికార్డు చేసి మీరే వినండి.
* ఫ్యాను వేగం తగ్గించండి. మాట్లాడనప్పుడు మైకు మూయండి.
* ఫోన్ ఛార్జింగ్, హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి.
* మాట తెగుతోందంటే ముందు కెమెరా ఆపండి. తర్వాత చాట్‌లో రాయండి. మౌనంగా మాత్రం ఉండకండి.

మళ్లీ ఆ డాబా మీద గదికి వస్తే... బుజ్జి లాంటి అమ్మాయికి కావాల్సింది లక్షల ఖరీదు చేసే పరికరాలు కాదు. మెట్ల పక్కగా పైకి లాగిన ఓ వైరు. నోటి దగ్గర ఓ మైకు. 'పది దాటాక పంపుకుంటాలేమ్మా' అని ఫోన్ పక్కన పెట్టే నాన్న. సముద్రాల అవతల 'ముందు నువ్వు చెప్పు' అనే మేనేజర్. నూట డెబ్భై ఏళ్లుగా ఈ నేల నేర్పుతున్నదీ అదే... కాలువ నిండుగా పారినంత మాత్రాన సరిపోదు, శివారు చేను తడిస్తేనే పంట పండినట్టు!